క్యాన్సర్ ముప్పు: ఊళ్లో యాభై మందికి ఉందంటే మీకూ వస్తుందా..? కోనసీమ వాసులు తెలుసుకోవాల్సిన అసలు లెక్క ఇదీ..!

"మా ఊళ్లో క్యాన్సర్లు బాగా పెరిగిపోయాయండీ..!" అమలాపురం టీ కొట్ల దగ్గర, అంబాజీపేట కొబ్బరి మార్కెట్‌లో, రాజోలు బస్సులో.. ఈ మాట ఎక్కడో ఒకచోట వినిపిస్తూనే ఉంటుంది. వెంటనే కారణాలు కూడా వచ్చేస్తాయి. నీళ్లలో ఏదో ఉందంటారు ఒకరు. చేపల చెరువుల్లో కొట్టే మందులంటారు ఇంకొకరు. గ్యాస్ బావులంటారు మరొకరు. తమాషా ఏంటంటే.. ఆ మాట అన్న మనిషే కాసేపటికి జేబులోంచి గుట్కా ప్యాకెట్ తీసి చింపుతాడు. ఊరి ముప్పు గురించి అంత భయపడే మనం, మన సొంత ముప్పు ఎంతో ఎప్పుడైనా లెక్క వేసుకున్నామా? అసలు ఆ లెక్క ఎలా వేస్తారు?

బలభద్రపురంలో ఏం జరిగింది?

కోనసీమకు ఆనుకుని ఉన్న తూర్పుగోదావరి జిల్లాలోని బిక్కవోలు మండలం బలభద్రపురం పేరు 2025 మార్చిలో రాష్ట్రమంతా మార్మోగింది. ఆ ఊళ్లో క్యాన్సర్ కేసులు విపరీతంగా ఉన్నాయంటూ అనపర్తి ఎమ్మెల్యే నల్లమిల్లి రామకృష్ణారెడ్డి అసెంబ్లీలో ప్రస్తావించారు. ప్రభుత్వం వైద్య బృందాలను పంపింది. ఇంటింటికీ తిరిగి పరీక్షలు చేశారు. ఆ కొద్ది రోజులూ గోదావరి జిల్లాల్లో ఎక్కడ చూసినా అదే చర్చ. పక్క ఊళ్ల వాళ్లు కూడా తమ వీధిలో ఎంతమందికి వచ్చిందో వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నారు.

అలా లెక్కపెట్టుకోవడం తప్పు కాదు. కానీ ఆ సంఖ్యను దేనితో పోల్చాలో తెలియకపోతే మాత్రం ఏ ఊరి లెక్క చూసినా గుండె ఆగిపోయినంత పనవుతుంది.

పదివేల మంది ఉంటే.. ఏడాదికి పది

ఐసీఎంఆర్ ఆధ్వర్యంలోని నేషనల్ క్యాన్సర్ రిజిస్ట్రీ అంచనా ప్రకారం 2022లో మన దేశంలో కొత్తగా వచ్చిన క్యాన్సర్ కేసులు సుమారు 14.6 లక్షలు. జనాభాతో భాగిస్తే లక్ష మందికి ఏడాదికి దాదాపు 100. అంటే పదివేల మంది ఉన్న ఒక పెద్ద పంచాయతీలో ఏ ప్రత్యేక కారణం లేకపోయినా ఏడాదికి పది కొత్త కేసులు రావొచ్చు. ఐదేళ్లకు యాభై. చికిత్స తీసుకుని బాగుపడి తిరుగుతున్న వాళ్లను, పోయిన వాళ్లను కూడా కలిపి చెప్పుకుంటే ఊళ్లో "యాభై అరవై క్యాన్సర్లు" అన్న మాట నిజమే అవుతుంది. వింటే ఉలిక్కిపడే సంఖ్యే. కానీ దేశంలో సగటు ఊరు కూడా దాదాపు ఇలాగే ఉంటుంది.

కోనసీమకు ఇంకో మెలిక ఉంది. రాజోలు, మలికిపురం, మామిడికుదురు వైపు ఏ వీధికి వెళ్లినా ఇంటికొకరు గల్ఫ్‌లోనో, హైదరాబాద్‌లోనో ఉంటారు. వయసులో ఉన్నవాళ్లు బయటికి వెళ్లిపోతే ఊళ్లో మిగిలేది పెద్దవాళ్లు. క్యాన్సర్‌కు అన్నింటికంటే పెద్ద కారణం వయసు. కాబట్టి పెద్దవాళ్లు ఎక్కువున్న ఊళ్లో కేసులు సగటు కంటే ఎక్కువ కనిపిస్తాయి. ఆ తేడాకు నీళ్లే కారణమని వెంటనే తేల్చేయకూడదు.

మరి నిజంగా ఎప్పుడు అనుమానించాలి? ఒకే రకం క్యాన్సర్, అదీ అరుదైనది, తక్కువ వయసు వాళ్లలో, ఒకే చోట, కొద్దికాలంలో వరుసగా కనిపిస్తే.. అప్పుడు దర్యాప్తు కోరాల్సిందే. ఒకరికి నోటి క్యాన్సర్, ఇంకొకరికి రొమ్ము క్యాన్సర్, మరొకరికి లివర్ క్యాన్సర్ అయితే.. పేరు ఒకటే గానీ అవి వేర్వేరు జబ్బులు, వేర్వేరు కారణాలు. ఊళ్లో లెక్క రాసేటప్పుడు "క్యాన్సర్" అని ఒక్క ముక్క రాస్తే ఎవరికీ ఏమీ తెలీదు. ఏ రకం, ఏ వయసులో బయటపడింది, ఆ మనిషి ఆ ఊళ్లో ఎన్నేళ్లుగా ఉంటున్నారు.. ఈ మూడూ రాస్తేనే వైద్యాధికారుల చేతికి పనికొచ్చే కాగితం అవుతుంది.

తొమ్మిది మందిలో ఒకరికి.. అంటే?

"దేశంలో ప్రతి తొమ్మిది మందిలో ఒకరికి క్యాన్సర్".. ఈ హెడ్‌లైన్ అందరూ చూసే ఉంటారు. ఇది కూడా రిజిస్ట్రీ లెక్కే. అయితే దీన్ని చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటున్నారు. మీ ఇంటి అరుగు మీద కూర్చున్న తొమ్మిది మందిలో ఒకరికి ఇప్పుడు క్యాన్సర్ ఉందని కాదు. వచ్చే ఏడాది వస్తుందనీ కాదు. పుట్టినప్పటి నుంచి 74 ఏళ్ల వరకు.. ఆ మొత్తం కాలంలో తొమ్మిది మందిలో ఒకరికి ఏదో ఒక రకం వచ్చే అవకాశం ఉందని అర్థం. ముప్పు ఎంత అని ఎవరైనా శాతం చెబితే ముందు అడగాల్సిన ప్రశ్న.. ఎన్నేళ్లలో?

రెండో ప్రశ్న ఇంకా ముఖ్యం. దేని మీద పెరిగింది? 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన ఐఏఆర్‌సీ, సాసేజ్, బేకన్ లాంటి ప్రాసెస్డ్ మాంసం రోజుకు 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని ప్రకటించింది. వాట్సాప్‌లో అది "మాంసం తింటే వందలో 18 మందికి క్యాన్సర్" అయిపోయింది. అసలు అర్థం అది కాదు. ఒక జబ్బు వందమందిలో ఒకరికి వస్తుందనుకుందాం. అది 18 శాతం పెరిగితే వందకు 1.18 అవుతుంది. అంటే వెయ్యి మందిలో పది మందికి వచ్చేది దాదాపు పన్నెండు మందికి వస్తుంది. పెరగడం నిజమే, కానీ పద్దెనిమిది మంది కాదు.

ఇదే లెక్క పొగ విషయంలో చూడండి. సిగరెట్ తాగేవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు తాగని వారి కంటే 15 నుంచి 30 రెట్లు ఎక్కువ. 18 శాతం ఎక్కడ, 15 రెట్లు ఎక్కడ! కానీ ఐఏఆర్‌సీ జాబితాలో ఈ రెండూ ఒకే మొదటి గ్రూపులో ఉన్నాయి. ఎందుకంటే ఆ జాబితా చెప్పేది ఒక వస్తువు క్యాన్సర్ కలిగించగలదా లేదా అన్నది మాత్రమే. ఎంత మేరకు అన్నది అందులో ఉండదు. వక్క, మద్యం, ఎండలోని అతినీలలోహిత కిరణాలు కూడా అదే గ్రూపు.

అన్నట్టు ఆ జాబితాలో ఉప్పు చేప పేరు కూడా ఉంది. అది చూసి ఎండు చేపలు తింటే క్యాన్సరంటూ వీడియోలు తిరుగుతుంటాయి. అక్కడ రాసింది చైనా పద్ధతిలో ఊరబెట్టే ఉప్పు చేప గురించి. సంబంధం ముక్కు వెనుక భాగంలో వచ్చే ఒక క్యాన్సర్‌తో. ఆ ముద్ర తెచ్చి మన ఎండు మెత్తళ్ల కూర మీద వేస్తే ఎలా..?

ఆశా కార్యకర్త చేతిలో ఉన్న ఫారం

మరి సొంత ముప్పు తెలుసుకోవాలంటే లక్షలు పెట్టి టెస్టులు చేయించుకోవాలా? అక్కర్లేదు. మొదటి మెట్టు మీ ఇంటి గుమ్మం దగ్గరికే వస్తుంది. దేశవ్యాప్తంగా ఆశా కార్యకర్తలు 30 ఏళ్లు దాటినవారి వివరాలు రాసుకునే ఫారం ఒకటుంది. సీబ్యాక్ అంటారు. చాలామంది "ఏదో సర్వే" అనుకుని గడప దగ్గరే రెండు ముక్కలు చెప్పి పంపించేస్తారు. కొందరైతే చుట్ట తాగుతూనే "అబ్బే, అలవాట్లేం లేవమ్మా" అంటారు! అక్కడే అసలు నష్టం జరుగుతోంది.

అందులో మొదటి భాగం మార్కుల లెక్క. వయసు 30 నుంచి 39 మధ్య ఉంటే 1, నలభైల్లో 2, యాభైల్లో 3, అరవై దాటితే 4. పొగాకు రోజూ వాడితే 2, అప్పుడప్పుడు లేదా గతంలో వాడితే 1. రోజూ మద్యం తాగితే 1. నడుం చుట్టుకొలత ఆడవారికి 80 సెంటీమీటర్లు, మగవారికి 90 దాటితే 1, ఇంకో పది పెరిగితే 2. వారానికి 150 నిమిషాల శారీరక శ్రమ లేకపోతే 1. తల్లిదండ్రులకు గానీ తోబుట్టువులకు గానీ బీపీ, షుగర్, గుండె జబ్బు ఉంటే 2. మొత్తం 4 దాటితే పరీక్షలకు ముందు వరుసలో పిలవాలి. దాటకపోయినా 30 ఏళ్లు నిండినవారికి పరీక్షలు ఉంటాయి.

ఉదాహరణకు కొబ్బరి దింపు కార్మికుడు ఒకాయన ఉన్నాడనుకుందాం. వయసు 58. రోజూ చుట్ట, సాయంత్రం మందు. ఒళ్లు సన్నం, కష్టం చేసే శరీరం. "నాకేంటండీ, ఇప్పటికీ చెట్టెక్కుతాను" అంటాడు. వయసుకు 3, పొగాకుకు 2, మద్యానికి 1. మొత్తం 6. చెట్టెక్కే బలం ఈ లెక్కలో రక్షణ ఇవ్వదు. పైగా పొగాకు, మద్యం రెండూ కలిస్తే నోటి, గొంతు క్యాన్సర్ల విషయంలో ముప్పు కూడిక కాదు.. గుణకారం అవుతుంది.

ఇప్పుడు కొత్తపేటలో ఒక గృహిణి అనుకుందాం. వయసు 36. అలవాట్లు లేవు. నడుం 84 సెంటీమీటర్లు, వ్యాయామం లేదు. ఇంట్లో ఎవరికీ షుగర్, బీపీ లేవు. స్కోరు 3. "నాకేం ఫర్వాలేదు" అనుకుంటుంది. కానీ వాళ్లమ్మకు 42 ఏళ్లకే రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఈ ఇద్దరిలో రొమ్ము క్యాన్సర్ డాక్టర్ ముందు కూర్చోవాల్సింది ఈమే! ఎందుకంటే ఆ మార్కుల్లో కుటుంబ చరిత్ర అంటే బీపీ, షుగర్, గుండె జబ్బులే. క్యాన్సర్‌కు మార్కులు లేవు. అడగకపోయినా మీరే చెప్పాలి. ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకోండి.

ఫారం రెండో భాగానికి మార్కులతో పనిలేదు. రెండు వారాలు దాటినా మానని నోటి పుండు లేదా తెల్లని, ఎర్రని మచ్చ, నోరు పూర్తిగా తెరవలేకపోవడం, గొంతు మారిపోవడం, రెండు వారాలకు మించిన దగ్గు, కఫంలో రక్తం. ఆడవారిలో రొమ్ములో గడ్డ, చనుమొన నుంచి రక్తంతో కూడిన స్రావం, నెలసరి మధ్యలో, కలయిక తర్వాత లేదా ముట్లుడిగాక రక్తస్రావం, దుర్వాసనతో తెల్లబట్ట. వీటిలో ఒక్కదానికి "అవును" అన్నా స్కోరు సున్నా అయినా సరే వెంటనే డాక్టర్ దగ్గరికి పంపాలి. ఆడవారు బయటికి చెప్పడానికి మొహమాటపడేవి సరిగ్గా ఇవే. మగవాళ్లు, అత్తగారు పక్కన కూర్చుని ఉంటే ఏ కోడలూ నోరు విప్పదు. ఆశా వచ్చినప్పుడు ఓ పది నిమిషాలు వాళ్లిద్దరినీ వదిలేస్తే చాలు.

మూడో భాగంలో పొయ్యి గురించి, పని గురించి అడుగుతారు. కొబ్బరి డొక్కలు, కమ్మలతో పొయ్యి ముట్టించే ఇళ్లు కోనసీమలో ఇంకా ఉన్నాయి. గ్యాస్ కనెక్షన్ ఉన్నా నీళ్లు కాగబెట్టడానికి కట్టెలే. ఇటుక బట్టీల్లో పనిచేసే కుటుంబాలూ ఉన్నాయి. ఆ పొగ కూడా చెప్పాల్సిందే.

అడ్డపొగ.. మన తీరం కథే

క్యాన్సర్ ముప్పును అలవాటుతో ముడిపెట్టి ప్రపంచానికి చూపించిన ప్రాంతాల్లో మన కోస్తా ఒకటని ఎంతమందికి తెలుసు? నిప్పున్న కొనను నోట్లో పెట్టుకుని చుట్ట తాగడం.. అడ్డపొగ. ఉత్తరాంధ్ర, గోదావరి తీరంలో, ముఖ్యంగా పెద్ద వయసు ఆడవాళ్లలో ఈ అలవాటు ఉండేది. ఈ తీరంలో కనిపించే అంగిలి క్యాన్సర్‌కు దీనికీ సంబంధం ఉందని 1957లోనే తెలుగు వైద్యులు డి.జి.రెడ్డి, వి.కె.రావు వైద్య పత్రికలో రాశారు. ఆ తర్వాత శ్రీకాకుళం జిల్లాలో ఏకంగా 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించి చేసిన అధ్యయనం 1971లో బ్రిటిష్ క్యాన్సర్ పత్రికలో వచ్చింది. మామూలుగా చూస్తే గట్టి అంగిలి మీద క్యాన్సర్ చాలా అరుదు. అడ్డపొగ తాగేవాళ్లలో మాత్రం మచ్చలు మొదలయ్యేది అక్కడే.

గోదావరి లంకల్లో పండే లంక పొగాకు చుట్టలకు పెట్టింది పేరు. ఇప్పుడు చుట్ట తగ్గింది, ఆ స్థానంలోకి ఖైనీ, గుట్కా వచ్చాయి. పుండు చోటు కూడా మారింది. అంగిలికి బదులు దవడ లోపల, ప్యాకెట్ పెట్టుకునే చోట. ఒకే తీరం, అవే కుటుంబాలు.. అలవాటు మారితే ముప్పు ఉండే చోటు మారింది. ఊరి నీళ్లే అంతటికీ కారణమైతే ఇలా జరగదు కదా?

ఇంట్లో చుట్ట తాగే పెద్దవాళ్లుంటే ఒక పని చేయొచ్చు. ఫోన్ టార్చ్ వేసి నోరు పెద్దగా తెరవమని అంగిలి, దవడల లోపల, నాలుక అడుగున చూడండి. తెల్లగా గానీ ఎర్రగా గానీ మచ్చ ఉండి రెండు వారాల్లో పోకపోతే పీహెచ్‌సీకి తీసుకెళ్లండి. అది క్యాన్సరే అని కాదు. చాలా మచ్చలు క్యాన్సర్ కావు. కానీ అయ్యేవాటిని పట్టుకోవడానికి అంతకంటే తేలికైన సమయం ఉండదు.

నాన్న వైపు మేనత్తలను కూడా లెక్కపెట్టండి

'మిర్చి', 'అత్తారింటికి దారేది' సినిమాల్లో కనిపించిన నటి హంసానందిని 2021 డిసెంబర్‌లో తనకు గ్రేడ్-3 రొమ్ము క్యాన్సర్ వచ్చిందని స్వయంగా వెల్లడించారు. ఆమె తల్లి కూడా అదే జబ్బుతో అప్పటికి 18 ఏళ్ల ముందే చనిపోయారు. జన్యు పరీక్షలో బీఆర్‌సీఏ-1 జన్యువులో లోపం ఉన్నట్టు తేలింది. మరోసారి రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం 70 శాతం, అండాశయ క్యాన్సర్‌కు 45 శాతం ఉందని, ఆ ముప్పు తగ్గించుకోవడానికి శస్త్రచికిత్సలకు సిద్ధమవుతున్నానని ఆమె రాశారు. ఏడాదికి మళ్లీ షూటింగ్‌కు వెళ్లారు.

ఇక్కడ 70 శాతం అంటే నిజంగానే వందలో డెబ్బై. పైన చెప్పిన 18 శాతం లాంటిది కాదు. అందుకే అంత పెద్ద నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. అయితే ఇలాంటి వంశపారంపర్య క్యాన్సర్లు మొత్తంలో 5 నుంచి 10 శాతమే. కుటుంబంలో ఎవరికో ఒకరికి 75 ఏళ్లకు వచ్చిందని ఇంటిల్లిపాదీ జన్యు పరీక్షలకు పరుగెత్తక్కర్లేదు. 50 ఏళ్లలోపే రొమ్ము క్యాన్సర్, ఏ వయసులోనైనా అండాశయ క్యాన్సర్, రెండు రొమ్ముల్లోనూ రావడం, మగవారికి రొమ్ము క్యాన్సర్, ఒకే వైపు బంధువుల్లో ఇద్దరు ముగ్గురికి రావడం.. ఇవీ అడగాల్సిన గుర్తులు.

ఒకే వైపు అన్నప్పుడు అందరూ అమ్మ వైపే చూస్తారు. ఈ లోపం నాన్న నుంచి కూడా అంతే వస్తుంది, సగానికి సగం అవకాశం. కాబట్టి మేనత్తలు, నాయనమ్మ సంగతి కూడా కనుక్కోండి. "కడుపులో గడ్డొచ్చి పోయింది" అన్న పాత మాట వెనుక ఏముందో పెద్దవాళ్లను కదిపితేనే తెలుస్తుంది.

పరీక్ష చేయించుకుంటే ఏం ఒరుగుతుంది?

ఇది న్యాయమైన ప్రశ్నే. సమాధానం మన దేశంలోనే ఉంది. కేరళలో తిరువనంతపురం జిల్లాలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి నోళ్లు పరీక్షించారు. పొగాకు లేదా మద్యం అలవాటున్న వారిలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయని 2005లో తేలింది. ముంబై మురికివాడల్లో టాటా మెమోరియల్ వైద్యులు చేసిన అధ్యయనంలో, రెండేళ్లకోసారి వెనిగర్ లాంటి పలుచని ఎసిటిక్ యాసిడ్ అద్ది గర్భాశయ ముఖద్వారాన్ని చూడటం వల్ల ఆ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. చూసింది పెద్ద స్పెషలిస్టులు కాదు, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలే.

ఆ పరీక్షలో తెల్లమచ్చ కనిపిస్తే క్యాన్సర్ వచ్చేసినట్టు కాదు. చాలాసార్లు అది క్యాన్సర్‌గా మారడానికి ఏళ్లు పట్టే దశ. అక్కడే తీసేస్తే జబ్బు రాదు. పరీక్షంటే భయపడేవాళ్లు ఈ ముక్క వినాలి.

నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం.. ఈ మూడింటికీ 30 నుంచి 65 ఏళ్ల మధ్య ఐదేళ్లకోసారి స్క్రీనింగ్ అన్నది కేంద్రం పెట్టుకున్న పద్ధతి. రాష్ట్ర ప్రభుత్వం కూడా 2024 నవంబర్‌లో ఈ మూడు క్యాన్సర్ల కోసం ఇంటింటి సర్వే మొదలుపెట్టింది. మీ ఇంటికి వచ్చినప్పుడు మీరు లేకపోయి ఉంటే విలేజ్ హెల్త్ క్లినిక్‌లో గానీ, పీహెచ్‌సీలో గానీ ఏఎన్‌ఎంను అడగొచ్చు. గల్ఫ్ నుంచి సెలవుకు వచ్చే అక్కచెల్లెళ్లకు ఇది మరీ ముఖ్యం. రెండేళ్లకోసారి వచ్చి పెళ్లిళ్లు, తీర్థాలు, బ్యాంకు పనులతో నెల రోజులు గడిచిపోతాయి. అందులో ఒక్క పూట చాలు.

అనుమానం ఉంటే తర్వాతి మెట్టు కాకినాడ జీజీహెచ్ లేదా విశాఖ అగనంపూడిలోని హోమీ బాబా క్యాన్సర్ ఆసుపత్రి. క్యాన్సర్ చికిత్సలు ఎన్టీఆర్ వైద్య సేవ పరిధిలో ఉన్నాయి. ఆసుపత్రిలో ఆ పథకం డెస్క్ దగ్గర ముందే కనుక్కుంటే అప్పుల దాకా వెళ్లక్కర్లేదు.

ఇక ఆ 58 ఏళ్ల దింపు కార్మికుడి విషయానికొద్దాం. వయసును ఎవరూ తగ్గించలేరు, ఆ 3 మార్కులు అలాగే ఉంటాయి. కానీ పొగ మానేసిన పదేళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు, తాగుతూనే ఉన్న వాడితో పోలిస్తే దాదాపు సగానికి పడిపోతుంది. నోటి క్యాన్సర్ ముప్పు కూడా ఏడాదికేడాది దిగుతుంది. 58లో మానేసినా ఆ లాభం ఉంటుంది. మానడానికి సాయం కావాలంటే ప్రభుత్వ క్విట్‌లైన్ నంబర్ 1800-11-2356. ఉచితం. ఆ నంబర్ కోసం వెతకాల్సిన పని కూడా లేదు.. పొగాకు ప్యాకెట్ మీద, బొమ్మ పక్కనే అచ్చేసి ఉంటుంది.